మర్యాద కోసం పోసిన మొరం

మొన్న బుధవారం పగలు పదకొండున్నరకు మా కుంట కట్ట మీద ఆమె ఫోటోకు దండ వేశారు. బంతిపూల దండ. ఆమెకు బంతిపూలు పడవు, వాసన తగిలితే వరసగా తుమ్మేది. బతికుండగా వేసినప్పుడే ఆ సంగతి చెప్పింది. అప్పుడు వేసినవాడే మళ్లీ వేశాడు, మా సర్పంచ్ మొగుడు నర్సిములు. ఈసారి తుమ్మడానికి మనిషి లేదు.

ఫోటో పక్కన శివరాజ్ తెల్ల చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. తాండూరు బండకు పాలిష్ పెట్టే యూనిట్ల సంఘానికి అతను పెద్ద. అతని వెనక, కట్ట కింద, ఎర్ర మొరం, గుట్ట తవ్వి తెచ్చే గరుసు మట్టి, నింపుకున్న టిప్పర్లు వరసగా ఆగి ఉన్నాయి. సంతాప సభకు టిప్పర్లెందుకని నేను అడగలేదు. చూస్తే తెలుస్తూనే ఉంది. రోత పుట్టింది.

ఆమె ఎటువంటిదో చెబితే గానీ నాకు అంత రోత ఎందుకు పుట్టిందో మీకు తెలియదు. నేను గొర్ల మనిషిని. యాభై దాటాక, మహిళా సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గుపడి, అక్షరాలు నేర్చుకున్నాను. అందంగా రాయడం రాదు. ఉన్నది రాస్తాను.

ఆమెను మొదట చూసిననాడు కూడా నాకు పుట్టింది రోతే. పెద్దేముల్ తోవలో గౌస్ ఆటో వచ్చి ఆగింది. గౌస్ తాండూరు స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. ఆటో పైన పొడుగాటి ప్లాస్టిక్ పైపులు కట్టి ఉంటే బోరు వేసేవాళ్లేమో అనుకున్నాను. దిగింది మాత్రం ఒక ముసలామె, ఇంచుమించు నా ఈడుది. పొట్టి మనిషి. చీర పిక్కల పైకి దోపుకుని, దాని కింద మగవాళ్ల పైజామా తొడుక్కుంది. బూట్లు రెండూ లేసులు ముడేసి మెడలో వేసుకుంది. నేను గొర్లను నీళ్లకు తోలి గట్టున కూర్చుని ఉన్నాను. ఆమె ఎవరినీ పలకరించలేదు. నేరుగా అంచుకు పోయి, వంగి, చిటికెడు బురద తీసి నోట్లో పెట్టుకుంది.

మింగలేదు. ముందు పళ్ల మధ్య ఉంచి, ఆకాశం వైపు చూస్తూ దవడ మెల్లగా ఆడించింది. తర్వాత పక్కకు ఉమ్మింది.

"థూ, ఏం మనిషివమ్మా. గండ్ల గొర్లు ఉచ్చ పోస్తయి" అన్నాను.

"పోస్తాయి కదండీ మరి" అంది. "గొర్రెలు మీవేనా? మీ పేరేంటండీ?"

"మల్లమ్మ."

"మల్లమ్మ గారూ, ఇసుకయితే పళ్ల కింద కరకరలాడుతుంది. చెరువు మట్టయితే వెన్నలా జారిపోతుంది. ఇది రెండూ కాదు. గచ్చు నేల నాకినట్టుంది."

నన్ను 'గారూ' అన్న మనిషి అప్పటిదాకా లేదు. నవ్వొచ్చింది. వెగటూ పుట్టింది, ఎందుకంటే ఆ బురద వేళ్లతోనే మా బీరప్ప ఇచ్చిన చాయ్ గ్లాసు అందుకుంది. బీరప్ప నా మరిది. ఆమె చాయ్ ఊదుకుని తాగుతుంటే నా చెవి దగ్గరకు వచ్చాడు.

"వదినె, గీమెకు జర పిచ్చి గిట్ల ఉన్నదా?"

గౌస్ విన్నాడు. "పిచ్చి గాదు భాయ్, సైన్సు. స్టేషన్ కాడ నా ఆటో టైరుకంటిన మట్టి గూడ గట్లనే కొరికి చూసింది. కరణ్‌కోట దిక్కు పోయొచ్చినవా అని అడిగింది. పోయొచ్చిన."

సంగతేమిటంటే, మా కుంట తెల్లబడింది. ఎగువన పాలిష్ యూనిట్లు ఉన్నాయి. అక్కడ బండను కోసి నునుపు చేసే నీళ్లు, బండపొడి కలిసి, పాలలా చిక్కబడి కాలువలో పడి మా కుంటకు దిగేవి. ఎండాకాలం దాకా నీళ్లు నిలిచే కుంట దసరా దాటితే చాలు పిండి కలిపిన గిన్నెలా అయ్యేది. మా గొర్లకు వేరే నీళ్లు లేవు. వికారాబాద్ పోయి కలెక్టరాఫీసులో అర్జీ పెట్టుకున్నాం. అక్కడ శివరాజ్ ఒకటే మాట పట్టుకున్నాడు. ఈ నేల గుణమే తెలుపు, కింద ఉన్నదంతా సున్నపురాయి, వందల ఏళ్లుగా వానకు కొట్టుకొచ్చి పేరుకున్న మట్టి అది, మా యూనిట్లు నిన్నగాక మొన్న వచ్చాయి, అన్నాడు. ఆఫీసరు అటూ ఇటూ చూసి, ఆ మట్టి ఎప్పటిదో తేల్చేవాళ్లను పిలిపిస్తానన్నాడు. పిలిస్తే ఈమె వచ్చింది.

ఉద్యోగం అయిపోయిన మనిషి. బతుకంతా సముద్రం ఒడ్డున, ఇసుక దిబ్బల వెనక నిలిచే ఉప్పు మడుగుల్లో పైపులు దింపి, అడుగున బురద ఏటా ఎంత పేరుకుంటోందో కొలిచిందట.

"సముద్రం ఇడ్సిపెట్టి మా కుంటకెందుకొచ్చినవమ్మా?" అని అడిగాను.

"అక్కడ కొలుస్తూ కొలుస్తూ, మడుగు పూడిపోయి చేపలవాళ్లు వలలు చుట్టేసుకునేదాకా చూశానండీ. ఇక్కడన్నా పొద్దుండగా వచ్చానేమో చూద్దామని."

"వచ్చినవా మరి?"

"తెలియదు."

ఈ 'తెలియదు' అనే మాటను ఆమె తమలపాకు నమిలినట్టు నమిలేది. చదువుకున్నవాళ్లు ఆ మాట అనాల్సి వస్తే గొంతు సవరించుకుంటారు, గడియారం చూసుకుంటారు. ఈమె మాత్రం తెలియదు అని, హాయిగా చాయ్ తాగేది. నాకు ఒళ్లు మండేది. తెలియడానికే కదా నిన్ను పిలిచింది అనిపించేది.

ఆమె పద్ధతులేవీ నాకు నచ్చలేదు, అది కూడా రాయాలి. బురద పొట్లాలు, పెరుగన్నం డబ్బా ఒకే సంచిలో పెట్టుకునేది. చీర కొంగుతో కత్తి తుడిచేది, అదే కొంగుతో ముఖం తుడుచుకునేది. బురదను ముక్కు దగ్గర పెట్టుకుని మల్లెపూలు వాసన చూసినట్టు చూసేది. ఆటోలో పైపు అడ్డంగా పెట్టి, ఎక్కినవాళ్ల ఒళ్లో పడుకోబెట్టి, "కాస్త పసిబిడ్డలా పట్టుకోండి, కుదుపు తగలకూడదు" అనేది. తాండూరు సంతకు పోయే ఆడవాళ్లు ఆ పైపును ఒళ్లో పెట్టుకుని, ముక్కులు మూసుకుని కూర్చునేవారు. గౌస్ గొణిగేవాడు. "మేడం, గిట్లయితే నా ఆటో ఎవ్వరెక్కరు" అనేవాడు. "నేనెక్కుతాను కదయ్యా" అనేది.

మొదటిసారి వచ్చిననాడు కుంటలో ఒక చోట కర్ర పాతి, "శుక్రవారం వచ్చి ఇక్కడ పైపు దింపుతాను. దీన్ని కదపకండి" అని చెప్పి పోయింది. నర్సిములు తల ఊపాడు. కర్రను కదపలేదు కూడా. దాని చుట్టూ ఉన్నదాన్ని కదిపాడు.

గురువారం జేసీబీ తెప్పించాడు. అంచు నుంచి కర్ర దాకా పైనున్న తెల్ల బురదంతా గీకి అవతల పారబోయించాడు. మీద ఎర్ర మొరం పరిపించి, రోలర్ తిప్పించి, షామియానా వేయించి, కుర్చీలు పెట్టించాడు. నేను, బీరప్ప పోయేసరికి పని సగమైంది.

"ఏం జేస్తున్నవ్‌ర నర్సిములూ? ఆమె కొల్శేదే గా బురద" అన్నాను.

"నీకు తెల్వదు పెద్దమ్మా. చదువుకున్నామె, ఆడమనిషి, మన ఊరికొస్తున్నది. మోకాళ్లదాక బురదల దింపుతమా? రేపు వికారాబాద్‌ల ఏమంటరు? ఊరి ఇజ్జత్ సంగతి ఇది."

"దానికోసమేనాయె ఆమె వచ్చేది."

"కింద ఇంక మస్తున్నది బురద, ఏడికి పోతది? పైపైన గలీజు తీపిచ్చిన, గంతే. ఫికర్ జెయ్యకు."

మా దిక్కు ఇది ఎప్పటినుంచో ఉన్న తీరే. పెద్దమనిషి వస్తున్నాడంటే బురద మీద మొరం పడుతుంది. మంత్రి వచ్చినా, పెళ్లివారొచ్చినా, బస్సు కొత్తగా ఊళ్లోకి వచ్చినా పడుతుంది. వాళ్లు పోయాక గట్టి వాన కొడితే మొరం పోతుంది, బురద మళ్లీ తేలుతుంది. దాన్ని మేము మర్యాద అంటాం. ఆనాడు నర్సిములు కడుపులో కుట్ర ఉందని నేను అనను. అమ్మతోడు, మర్యాదే చేశాడు. అది చూస్తే ఇంకా రోత. కుట్ర అయితే తిట్టి ఊరుకోవచ్చు. మర్యాదను ఏమని తిడతాం?

శుక్రవారం ఆమె వచ్చింది. ఆటో దిగగానే నర్సిములు బంతిపూల దండ వేశాడు. ఆమె తుమ్మింది, తుమ్ముతూనే, "నాకు పడవయ్యా ఇవి" అని దండ తీసి, చుట్టూ చూసి, జేసీబీ తొట్టి పళ్లకు తగిలించింది. తర్వాత మొరం వైపు చూసింది. తిడుతుందని నేను చూస్తున్నాను, తిట్టాలని కోరుకున్నాను. ఆమె పోయి కుర్చీలో కూర్చుంది. వంగి, చిటికెడు మొరం తీసి పళ్ల మధ్య పెట్టుకుంది.

"బాగుందయ్యా. ఎక్కడిది?"

"గుట్ట నుంచి తెప్పిచ్చిన మేడం" అన్నాడు నర్సిములు, ఛాతీ విరిచి.

"అయితే గుట్ట వయసు చెప్పమంటావా?"

గౌస్ ఒక్కడే నవ్వాడు. నర్సిములుకు అర్థం కాలేదు. ఆమె అతన్ని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది.

"చూడు నాయనా. ఏటేటా పడే బురద ఒకదాని మీద ఒకటి పడుతుంది. పాతది అడుగున, కొత్తది పైన. నేను కొలవడానికి వచ్చింది కొత్తదాన్ని. నువ్వు మీగడంతా తీసి పారబోసి, పాలు చిక్కగా ఉన్నాయో లేదో చెప్పమంటున్నావు."

"మీ కాళ్లకు బురదంటొద్దని మేడం..."

"అంటనీ నాయనా. అది నా పని."

మిగతా కుంటను కూడా జేసీబీ చక్రాలు తొక్కేశాయి. అది దిగని చోటు ఒక్కటే మిగిలింది, తూము మూల. అక్కడ తెల్ల బురద నడుము లోతు. అంతకు ముందు ఎండాకాలం నీళ్ల కోసం పోయిన నా గొర్రెలు రెండు అక్కడే దిగబడి, తీసే దారి లేక, మా కళ్ల ముందు అరిచి అరిచి చచ్చాయి. ఆ మూలకు మనుషులు పోరు. గాలి అటు నుంచి వీస్తే ఇటు అన్నం తినలేం.

"అది ఎవరూ కదపలేదు కదా" అంది ఆమె, తూము వైపు చూస్తూ.

"గాడికి ఎవ్వరు పోరమ్మా" అన్నాడు బీరప్ప.

ఆమె అప్పటికే మెడలో బూట్లు తీసి గట్టున పెట్టింది.

ఒక్కదాన్నే పోనీయలేక నేనూ దిగాను. ఇద్దరి నడుములకూ తాడు కట్టి బీరప్ప, గౌస్ గట్టున పట్టుకున్నారు. బురద చల్లగా, చిక్కగా, జిగటగా ఉంది. అడుగు తీస్తే బుడగలు లేచి కుళ్లు వాసన కొట్టింది. నాకు వాంతి వచ్చింది, చేసుకున్నాను. ఆమె పైపు నిటారుగా పట్టుకుని ఒళ్లు మొత్తం దాని మీద వేసి దింపుతోంది. "పట్టండి మల్లమ్మ గారూ, తిప్పకండి, నిలువునా తొయ్యండి" అంటోంది. తోస్తుంటే నా కాలికి గట్టిగా ఏదో తగిలింది. ఏమిటో తెలిసిపోయింది. నేను ఆగిపోయాను.

ఆమె నా ముఖం చూసింది. "మీ గొర్రేనా?"

"అవు."

ఆమె అయ్యో అనలేదు. పైపు వదలకుండా అలాగే నిలబడి, నేను మళ్లీ చెయ్యి వేసేదాకా ఆగింది. అంతే. పైపు మూతి బిగించి ఇద్దరం పైకి లాగాం. గట్టున ఉన్నవాళ్లు మమ్మల్ని లాగారు.

కట్ట మీద గోనెసంచి పరిచి, పైపులోంచి బురద కడ్డీని నెమ్మదిగా తోసింది. విరగకుండా, పొరలు చెదరకుండా వచ్చింది. పైన రెండు మూరల పొడుగు సున్నంలా తెలుపు. దాని కింద ఒక్కసారిగా నలుపు. నడుమ గీత గీసినట్టుంది. బీరప్ప చూసి, "గిదేంది వదినె, మన కుంట గిట్ల నల్లగుండెనా" అన్నాడు. ఉండేది. మేమే మరిచిపోయాం.

ఆమె కత్తితో వేలి మందం ముక్కలు కోసి సంచుల్లో వేసింది. ఒక్కో ముక్కకూ కత్తి తుడిచింది, కొంగుకే. నాకు అక్షరాలు వచ్చని తెలిసి సంచుల మీద రాసే పని నాకిచ్చింది. తెలుపు, తెలుపు, తెలుపు అని రాశాను, నలుపు అని రాశాను. అంతా అయ్యాక రెండు వేళ్ల మీద రెండు రంగులూ తీసి నా ముందు పెట్టింది.

"కొరికి చూడండి."

"ఛీ, నేను కొరకను."

"మీ కుంటే కదండీ."

కొరికాను. తెల్లది నాలుకకు సున్నంలా పట్టేసింది. నల్లది పళ్ల కింద జారిపోయింది, పచ్చిగడ్డి వాసన వేసింది. రెండూ ఉమ్మేశాను. నోరు కడుక్కున్నా సాయంత్రం దాకా తెల్లది పోలేదు.

అప్పుడు చెప్పింది, బురద వయసు ఎలా తెలుస్తుందో. ఆకాశం నుంచి ఒక రకం సీసం కంటికి కనబడకుండా ఎప్పుడూ రాలుతూనే ఉంటుందట. నేల మీద, నీళ్ల మీద, గొర్ల వీపుల మీద. బురదలో కలిసి మూతపడ్డాక అది మెల్లగా తగ్గిపోతుంది, ఇరవై రెండేళ్లకు సగమవుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే ఆ పొర ఎప్పుడు మూతపడిందో తెలుస్తుంది. బురద నెమ్మదిగా పేరుకుంటే సీసం చిక్కగా ఉంటుంది, తొందరగా వచ్చి పడితే పాలలో నీళ్లు పోసినట్టు పలచబడుతుంది. ఇది కాక ఇంకో గుర్తు ఉందట.

"మీరు చిన్నపిల్లగా గొర్రెపిల్లల వెంట తిరిగే రోజుల్లో, పెద్ద దేశాలు ఆకాశంలో బాంబులు పేల్చి చూసుకునేవి. ఆ దుమ్ము భూమంతా రాలింది. ఇక్కడా రాలింది. అది ఏ పొరలో ఉందో పట్టుకుంటే అదే ఆ కాలం."

"గా దుమ్ము గూడ మా కుంటలనే పొయ్యాల్నా? మమ్ముల అడిగిన్రా?"

"ఎవర్నీ అడగలేదండీ."

"థూ" అన్నాను. ఆమె కూడా ఉమ్మింది, కానీ ఆమె నోట్లో బురద ఉంది కాబట్టి.

ఆ ముక్కలు పరీక్షకు ఎక్కడికో పోయి, కొలిచే పెట్టెల్లో కూర్చుని, కొన్ని నెలలకు జవాబు వచ్చింది. అన్నాళ్లూ నేను గౌస్‌ను అడిగేదాన్ని, గౌస్ ఆమెకు ఫోన్ చేసేవాడు. "తొందరేముంది, బురద ఎక్కడికీ పోదు" అనేది. ఇక్కడ గొర్లు కడుపులు ఉబ్బి పడిపోతుంటే అక్కడ ఈ మాట. ఫోన్ లాక్కుని తిట్టాను కూడా. విన్నది. విని, "ఇంకా రాలేదు మల్లమ్మ గారూ" అంది.

వికారాబాద్‌లో కూర్చోబెట్టి మాట్లాడించిన రోజు, ఆఫీసరు ముందు ఆమె చెప్పింది రెండు ముక్కలు. బాంబుల దుమ్ము నల్ల మట్టిలో దొరికింది, తెల్ల మట్టిలో లేదు. కాబట్టి తెల్లదంతా దాని తర్వాతే వచ్చింది. సీసం లెక్క చూస్తే తెలుపు మొదలైన కాలం, యూనిట్లు మొదలైన కాలం పక్కపక్కనే ఉన్నాయి, అప్పటినుంచి పూడిక మునుపటికంటే ఎన్నో రెట్లు తొందరగా పడుతోంది. వందల ఏళ్ల మాట అబద్ధం.

శివరాజ్ ఫోనులో కన్నడంలో ఎవరికో "బర్తీని, బర్తీని" అని, వస్తున్నానని చెప్పి పెట్టేసి, నవ్వుతూ లేచాడు.

"మేడం, వీళ్ల గొర్లు గీ మట్టితోనే సచ్చినయని అంటున్నరు. అది గూడ మీ పైపుల ఉన్నదా?"

నేను వెనక నుంచి ఆమె కొంగు లాగాను. ఉన్నదని చెప్పు, ఒక్క మాట చెప్పు అని.

"తెలియదు" అంది. "నా పైపుకు గొర్రెల సంగతి తెలియదు. బురద సంగతే తెలుసు."

బయటికొచ్చాక ఆమెతో మాట్లాడలేదు. బస్టాండు దగ్గర మిర్చి బజ్జీ కొని పొట్లం నా ముందు పెట్టింది. ముట్టలేదు.

"నీ పక్కన్నే నా కాలికి నా గొర్రె ఎముక తగిలె. చూసినవ్. తెల్వదంటవా?"

"రెండు దిగబడి చచ్చాయి, ఆ చోటు చూశాను. మిగతావి దేంతో చచ్చాయో చూడలేదు. చూడంది చూశానని ఒక్కటి చెబితే, కొలిచింది కూడా అబద్ధం చేస్తాడండీ అతను. దానికోసమే అడిగాడు."

"అయితే నా గొర్లు ఉత్తగనే సచ్చినట్టేనా?"

ఆమె బజ్జీ కొరికింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరపకాయ కారమో ఇంకేదో నేను అడగలేదు. నేను పొట్లం ముట్టకుండానే బస్సెక్కాను. పది రోజులకు ఆఫీసరు ఆర్డరు ఇచ్చాడు: కాలువ మూయాలి, బండపొడి నీళ్లు యూనిట్ల గుంతల్లోనే ఆరాలి, కుంటలో పేరుకున్న తెల్ల మట్టిని యూనిట్లవాళ్లే తీయించాలి. ఆమె అబద్ధమాడి ఉంటే ఆ మాట వచ్చేదా? ఇప్పటికీ ఆలోచిస్తాను. అయినా ఆనాటి కోపం పూర్తిగా పోలేదు, పోయిందని రాస్తే అది అబద్ధమవుతుంది.

కాలువ మూశారు. మొన్నటి వానలకు కుంటలో మంచి నీళ్లు కాస్త నిలిచాయి, గొర్లు తాగాయి. మట్టి తీయడం మాత్రం ఇవాళ రేపు అని నడిచింది. ఆమె చివరగా వచ్చినప్పుడు నాకు ఒకే పని చెప్పి పోయింది. "తెల్లది తీసేటప్పుడు నన్ను పిలవండి. నల్లది తగిలిన చోట ఆపాలి. నేను రాలేకపోతే మీరు నిలబడండి. అనుమానం వస్తే కొరికి చూడండి, మీకు తెలుసు కదా."

పోయిన నెల గౌస్ ఇంటికొచ్చి ఆటో బయటే ఆపి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మేడం గుజర్ గయీ అమ్మా, సచ్చిపోయింది. వాళ్ల చెల్లె ఫోన్ జేసింది" అన్నాడు. ఆమె ఫోనులో ఎక్కువసార్లు ఉన్నది అతని నంబరేనట.

ఇప్పుడు బుధవారం సంగతి. దండ వేశాక నర్సిములు మైకు పట్టుకున్నాడు.

"మేడం మన ఊరి కోసం బురదల దిగి కష్టపడ్డది. ఇగ ముందర ఎవ్వరు బురదల దిగే పని లేకుంట, గీ కుంట మీద మొరం పోసి, మేడం పేరు మీద పార్కు కడుతున్నం. కమాను మీద మేడం పేరు. బెంచీలు. లైట్లు. మొరం మొత్తం మన శివరాజ్ సేట్ ఇస్తున్నడు. అందరు చప్పట్లు కొట్టాలె."

కొట్టారు. తెల్ల మట్టి తీయాల్సినవాళ్లు దాని మీద మొరం కప్పి, పైన ఆమె పేరు రాస్తారట. నీళ్లూ పోతాయి, తెలుపూ పోతుంది, ఇక కొలవడానికి ఏమీ మిగలదు. ఒకప్పుడు అది మర్యాద. ఈసారి కూడా నర్సిములు ముఖంలో అదే మర్యాద ఉంది, అదే ఛాతీ విరుపు. శివరాజ్ ముఖంలో ఉన్నది మర్యాద కాదు.

నేను లేచాను. "గొర్లకు నీళ్లేడరా?"

"బోరేపిస్తం పెద్దమ్మా."

"ఎప్పుడు?"

"ఏపిస్తం అంటున్న గద. గీ టైముల పరేషాన్ జెయ్యకు, మేడం ఆత్మకు శాంతి..."

నేను కట్ట దిగి, టిప్పర్ దగ్గరకు పోయి, చిటికెడు మొరం తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాను. కరకరలాడింది. ఇంకో చిటికెడు తీసుకుని శివరాజ్ ముందుకు పోయాను.

"కొరుకు సేటూ. ఆమె పేరు పెడుతున్నవ్ గద. ఆమె లెక్కనే కొరుకు."

శివరాజ్ రెండడుగులు వెనక్కు వేశాడు. "మల్లవ్వా, ఏంది గిది, సభల." తెల్ల చొక్కాకు అంటుతుందని చేతులు వెనక్కు పెట్టుకున్నాడు. నర్సిములు వైపు చాపాను. నర్సిములు తల దించుకున్నాడు. చివరన గౌస్ వచ్చి నా వేళ్ల మీది మట్టి తీసుకుని కొరికి, ఫోటో వైపు చూసి, ఉమ్మాడు.

"గుట్ట మట్టి మేడం" అన్నాడు, ఆమెకే చెప్పినట్టు.

అప్పటికి బీరప్ప మందను తోలుకొచ్చాడు. టిప్పర్లు వెనక్కు దిగాల్సిన చోట గొర్లు నిండిపోయాయి, ఎండకు ఒకదాని కింద ఒకటి తల దూర్చి నిలబడ్డాయి. అలా నిలబడ్డ గొర్రెలను బూతులతో కదపడం ఎవరి వల్లా కాదు. డ్రైవర్లు హారన్లు కొట్టి కొట్టి, ఇంజన్లు ఆపి, చివరకు మొరంతోనే వెనక్కు పోయారు. సోమవారం వస్తామని నర్సిములుతో చెప్పి పోయారు. ఇవాళ ఆదివారం. రేపు తెల్లారకముందే మంద అక్కడ ఉంటుంది, నేనూ ఉంటాను.

బుధవారం సాయంత్రమే ఊరి వాట్సాప్ గ్రూపులో ఆ దండ ఫోటో పెట్టి, సభకు వచ్చిన అందరి ఆమోదంతో కుంటలో పార్కు కట్టడం నిర్ణయమైందని రాశారు. అందరూ అంటే ఎవరో నాకు తెలుసు, నేనక్కడే ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు. దండ వేసిన నర్సిములు. అతని పక్కన కుర్చీలో, సర్పంచ్ అయ్యుండీ మైకు ముట్టని అతని భార్య అనిత. మొరం ఇచ్చి, మొరం ముట్టని శివరాజ్. షామియానా వేసి, అందరితో పాటు చప్పట్లు కొట్టిన కిష్టయ్య. మైకు పెట్టిన పాషా. టిప్పర్లు తెచ్చిన డ్రైవర్లు సాయిలు, హన్మంతు, బస్వరాజ్; వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. చప్పట్లు కొట్టని గౌస్. మందను తోలుకొచ్చిన బీరప్ప. నేను, మల్లమ్మను, నేను ఒప్పుకోలేదు.

ఫోటోలో ఇంకొకామె ఉంది. ఆమె పేరు నాకు వచ్చు, తప్పు లేకుండా రాయగలను. కానీ వాళ్లకు ఇప్పుడు కావలసింది ఆ పేరే. కమాను మీద వాళ్లే రాసుకోనీ. నేను రాయను.